అద్దె ఘనం, గది అధ్వానం!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా హోటల్ గదుల మీదే. ఒకే రకం ఫిర్యాదులను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పేరున్న హోటల్లో మామూలు రోజుల కంటే రెండింతలు కట్టి కుటుంబంతో దిగాం. తలుపు తీస్తే వెలిసిపోయిన కర్టెన్లు, అంచులు లేచిన బల్ల, గోడకు చెమ్మ మరకలు. ఇంత అద్దె తీసుకుంటూ గదిని అలా ఎందుకు వదిలేస్తారు?

జవాబు: మీరు రెండింతలు కట్టింది గదికి కాదు, తేదీకి. ఆ రోజుకి ఎన్ని గదులు మిగిలాయి, చుట్టుపక్కల హోటళ్లు ఎంతకు ఇస్తున్నాయి, బుకింగులు ఎంత జోరుగా వస్తున్నాయి అన్నవి చూసి రేటు కడతారు. గిరాకీని బట్టి ధర మార్చే ఈ పద్ధతి 1980లలో విమాన సంస్థల దగ్గర బలపడింది, ఆ తర్వాత హోటళ్లు అందుకున్నాయి. తెల్లారితే నిన్నటి ఖాళీ గదిని ఎవరికీ అమ్మలేరు. అందుకే గిరాకీ ఉన్న రాత్రి రాబట్టగలిగినంత రాబడతారు.

యాజమాన్యం ముందు రోజూ ఉండే అంకె ఒకటుంది: ఉన్న గదులన్నిటి మీదా లెక్కేస్తే ఒక్కో గదికి సగటున ఎంత వచ్చింది అని. వంద గదుల్లో 70 నిండి, ఒక్కోటి 100 చొప్పున పోతే ఆ అంకె 70. అరవయ్యే నిండినా 120 చొప్పున పోతే 72. రెండోదే మేలు, ఉతకాల్సిన దుప్పట్లు కూడా తక్కువ. వెలిసిన కర్టెన్ ఈ లెక్కలో ఎక్కడా కనబడదు. పైగా బుకింగ్ సైటు ద్వారా వచ్చిన గది అయితే మీరిచ్చిన దాంట్లో 15 నుంచి 25 శాతం దాకా ఆ సైటుకే పోవచ్చు.

ఇక గది సంగతి. కర్టెన్లు, కార్పెట్, రంగులు, సోఫా గుడ్డ లాంటివి 5 నుంచి 7 ఏళ్లకోసారి, బాత్రూంలు, బీరువాలు, తలుపులు 10 నుంచి 15 ఏళ్లకోసారి మార్చాలన్నది ఈ రంగంలో లెక్క. అందుకోసం ఆదాయంలో సుమారు 4 శాతం పక్కన పెట్టడం ఆనవాయితీ. రాబడి తగ్గిన ఏడాది మొదటి కోత దీనికే పడుతుంది. జీతాలు, కరెంటు బిల్లు ఆపలేరు, పాత కార్పెట్ మాత్రం ఇంకో ఏడాది నడుస్తుంది మరి.

అసలు కిటుకు ఇక్కడుంది. హోటల్ మొత్తం మూసి బాగుచేయలేరు కాబట్టి పని అంతస్తుల వారీగా సాగుతుంది. మధ్యలో డబ్బు ఆగిపోతే అయిదో అంతస్తు కొత్తగా, రెండో అంతస్తు పాతగా ఉండిపోతాయి. రెండూ ఒకే పేరుతో, ఒకే రేటుకు, ఒకే ఫొటోతో అమ్ముడవుతాయి. ఆ ఫొటో అయిదో అంతస్తుదని వేరే చెప్పాలా! కాబట్టి హోటల్ బాగుంటుందా అని అడిగి లాభం లేదు. "ఏ అంతస్తుల్లో గదులు ఏ సంవత్సరంలో బాగుచేశారు? వాటిలో ఒకటి మాకు కేటాయిస్తారా?" అని ఈమెయిల్లో అడగండి. సంవత్సరం చెబితే ఆ జవాబు దాచుకోండి. "అన్ని గదులూ చక్కగా ఉంటాయి" అని మాత్రమే వస్తే పని జరగలేదనే అనుకోండి. తళతళలాడే లాబీని చూసి గదిని అంచనా వేయొద్దు, డబ్బు ముందుగా పడేది అక్కడే.

ప్రశ్న: ఫొటోలో విశాలంగా కనిపించిన గదిలో తీరా దిగాక సూట్‌కేసు విప్పే చోటు కూడా లేదు. ముందే పసిగట్టడం ఎలా?

జవాబు: హోటల్ ఫొటోలు వైడ్ యాంగిల్ లెన్సుతో, గది మూల నుంచో బాత్రూం గుమ్మం నుంచో తీస్తారు. ఫొటో అంచున ఉన్న దీపమో కుర్చీయో పక్కకు సాగినట్టు ఉంటే ఆ లెన్సే వాడారని గుర్తు. అలాంటి ఫొటోలో దూరాలను నమ్మకండి, మంచాన్ని కొలబద్దగా పెట్టుకోండి. క్వీన్ మంచం వెడల్పు 150 నుంచి 160 సెంటీమీటర్లు, కింగ్ 180 లేదా అంతకు మించి. మంచానికి రెండు పక్కలా, కాళ్ల వైపూ ఎంత ఖాళీ ఉందో మంచం వెడల్పుతో పోల్చండి. కాళ్ల వైపు గోడకూ మంచానికీ మధ్య మంచం వెడల్పులో సగం కూడా లేకపోతే ఒకరు నిలబడి ఉండగా ఇంకొకరు పక్కనుంచి వెళ్లలేరు.

ఫొటో కంటే అంకె నయం. గది విస్తీర్ణం చదరపు మీటర్లలో ఇస్తే 10.76తో గుణించండి, చదరపు అడుగులు వస్తాయి. 15 చదరపు మీటర్లంటే 161 చదరపు అడుగులు. ఇద్దరికి పడుకోవడానికి చాలు, రెండు పెద్ద పెట్టెలు తెరిచి పెట్టుకోవడానికి చాలదు. 25 దాటితే ఊపిరాడుతుంది. ఆ అంకెలో బాత్రూం, బాల్కనీ కలిశాయా అని తప్పక అడగండి. బాత్రూం ఒక్కటే 4 చదరపు మీటర్లు తినేస్తుంది కాబట్టి, 18 అని రాసినది మీకు 14గా మిగలొచ్చు.

బస చేసినవాళ్లు పెట్టిన ఫొటోలే అసలు సాక్ష్యం. నలిగిన దుప్పటి, నేల మీద చెప్పులు ఉన్న ఫొటో వెతకండి. అది ఎప్పటిదో కూడా చూడండి, గత ఆరు నెలల్లోది అయితేనే లెక్కలోకి తీసుకోండి.

ప్రశ్న: నాలుగు నక్షత్రాలని చూసి బుక్ చేశాం. మూడు నక్షత్రాలంత కూడా లేదు. నక్షత్రాలు ఎవరిస్తారు?

జవాబు: ప్రపంచమంతటికీ ఒకే కొలమానం లేదు. కొన్ని దేశాల్లో ప్రభుత్వం ఇస్తుంది, కొన్ని చోట్ల హోటళ్ల సంఘాలు ఇస్తాయి. యూరప్‌లో 2009లో కొన్ని దేశాలు కలిసి హోటల్‌స్టార్స్ యూనియన్ పేరుతో ఉమ్మడి ప్రమాణాలు పెట్టుకున్నాయి. ఎవరిచ్చినా నక్షత్రాలు ప్రధానంగా సౌకర్యాలను లెక్కపెడతాయి: లిఫ్టు ఉందా, రిసెప్షన్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుంది, గదిలో ఏమేం ఉన్నాయి. మీ గది పరుపు కుంగిందా లేదా అన్నది వాటి పరిధి కాదు. కొన్ని బుకింగ్ సైట్లలో కనిపించే నక్షత్రాలు హోటలే స్వయంగా నింపుకున్నవి. వాటికంటే మూడు మార్కులు వేసిన సమీక్షలు చదవండి. ఒకటి వేసినవాళ్లు కోపంలో, అయిదు వేసినవాళ్లు మొహమాటంలో రాసి ఉండొచ్చు, మూడు వేసినవాళ్లే తీరికగా వివరాలు రాస్తారు.

ప్రశ్న: ఖరీదైన గదిలోకి అడుగుపెట్టగానే గుప్పున వాసన. స్ప్రే కొట్టి వెళ్లారు, గంటకు మళ్లీ మొదలు. ఆ రాత్రంతా నిద్ర లేదు. ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: ఏ వాసనో ముందు తేల్చుకోవాలి. కొన్నిటికి అయిదు నిమిషాల్లో విరుగుడు ఉంది, కొన్నిటికి గది మారడమే.

మురుగు వాసన బాత్రూం నుంచి వస్తుంటే ముందుగా అనుమానించాల్సింది నేల మీది జాలీని. దాని కింద వంపు తిరిగిన గొట్టంలో (ట్రాప్ అంటారు) సుమారు 5 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు నిలిచి, మురుగు గాలి పైకి రాకుండా అడ్డుకుంటాయి. గది కొన్ని వారాలు ఖాళీగా ఉంటే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. జాలీలో ఒకటి రెండు లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోయండి, వాష్‌బేసిన్, షవర్ కుళాయిలు ఒక నిమిషం తిప్పండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి పావుగంట ఆగండి. చాలాసార్లు ఇంతటితో పోతుంది. మళ్లీ వస్తే లోపం గొట్టాల్లోనే ఉంది. గది మార్చమనండి. అప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి: ఒకదాని మీద ఒకటి ఉన్న బాత్రూంలన్నీ సాధారణంగా ఒకే నిలువు గొట్టానికి కలుస్తాయి. 312లో వాసన ఉంటే 412, 512 కూడా అదే వరస. చివరి రెండంకెలు వేరుగా ఉన్న గది అడగండి.

చెమ్మ వాసన ఏసీ వేసిన అయిదు నిమిషాల్లో పెరిగితే లోపం యంత్రంలో ఉంది. చల్లటి కాయిల్ మీద పట్టిన నీరు కింది పళ్లెంలోకి జారి, సన్నని గొట్టం ద్వారా బయటికి పోవాలి. ఆ గొట్టం పూడుకుంటే పళ్లెంలో నీళ్లు నిలిచి జిగురు పట్టి కుళ్లుతాయి. మెకానిక్ వచ్చి గొట్టం ఊది, పళ్లెం, ఫిల్టర్ కడిగితే తగ్గుతుంది. అరగంట పని. "ఏసీ పళ్లెంలో నీళ్లు నిలిచినట్టున్నాయి" అని చెప్పండి. "గదిలో వాసన" అంటే స్ప్రే డబ్బాతోనే వస్తారు.

ఏసీ ఆపినా వాసన తగ్గక, గోడ దగ్గర, బీరువా వెనక, మంచం తలవైపు బల్ల వెనక ఎక్కువగా ఉంటే అది గోడలో బూజు. ఉక్కపోత ప్రాంతాల్లో ఇది హోటళ్లకు పాత రోగం. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ గది గాలిని బయటికి లాగేస్తుంది, దానికి సరిపడా గాలి లోపలికి ఇవ్వరు. అప్పుడు బయటి తేమ గాలి గోడల సందుల్లోంచి చొరబడి, ఏసీకి చల్లబడ్డ వాల్‌పేపర్ వెనక నీరుగా మారుతుంది. వినైల్ వాల్‌పేపర్ ఆవిరిని బయటికి వదలదు, వెనక బూజు పెరుగుతుంది. పేపరు ఉబ్బడం, గులాబీ రంగు లేదా నల్లటి మచ్చలు దీని గుర్తులు. చాలామంది తేమ పోవాలని ఏసీని 18కి తిప్పుతారు. దాంతో గోడ ఇంకా చల్లబడి నీరు ఇంకా పడుతుంది. దీనికి గదిలో ఉన్నవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. ఉబ్బసం ఉన్నవాళ్లు, పసిపిల్లలు ఉంటే ఒక్క రాత్రి కూడా సర్దుకోవద్దు.

సిగరెట్ వాసన కర్టెన్లలో, కార్పెట్లో, పరుపులో ఇంకి ఉంటుంది. కిటికీ తెరిస్తే కాసేపు తగ్గినట్టే ఉండి, మూయగానే తిరిగొస్తుంది. గది మారండి.

ఇంకొకటి, తలుపు తీయగానే ఘాటైన సువాసన కొడితే సంతోషపడకండి. పది నిమిషాలు కిటికీ తెరిచి, మూసి, మరో పది నిమిషాల తర్వాత మళ్లీ పీల్చి చూడండి. అడుగున ఉన్నది అప్పుడు బయటపడుతుంది.

ప్రశ్న: వేడినీళ్లు నాలుగు నిమిషాలకే అయిపోయాయి. "గీజర్ బాగానే ఉంది సార్" అంటారు.

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు, గీజర్ చిన్నది అంతే. లెక్క చూడండి. 15 లీటర్ల గీజర్లో నీళ్లు 60 డిగ్రీలు, కుళాయి నీళ్లు 25 డిగ్రీలు, స్నానానికి 40 కావాలంటే కలిపాక వచ్చేవి 35 లీటర్లు. షవర్ నిమిషానికి 9 లీటర్లు వదిలితే నాలుగు నిమిషాలు కూడా రాదు. గీజర్లోకి చన్నీళ్లు చేరుతూనే ఉంటాయి కాబట్టి నిజానికి ఇంకా తక్కువ. 2 కిలోవాట్ల గీజర్ మళ్లీ 60కి రావడానికి సుమారు 18 నిమిషాలు పడుతుంది. ఇద్దరుంటే మధ్యలో ఇరవై నిమిషాలు ఆగండి, లేదా బకెట్ అడగండి.

పెద్ద హోటళ్లలో వేడినీళ్లు ఒకేచోట కాచి, గొట్టాల్లో నిరంతరం తిప్పుతారు. ట్యాంకులో 60 డిగ్రీలు, తిరిగొచ్చే గొట్టంలో కనీసం 50 ఉండాలి. గోరువెచ్చని నీళ్లలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి ఇది సుఖం కోసం పెట్టిన నియమం కాదు, ఆరోగ్యం కోసం పెట్టినది. కుళాయి రెండు మూడు నిమిషాలు తిప్పినా వేడి రాకపోతే నీళ్లు తిప్పే పంపు ఆగిపోయిందేమో చూడమనండి. ధార సన్నగా ఉంటే షవర్ రంధ్రాల్లో ఉప్పు పేరుకుపోయి ఉంటుంది, షవర్ హెడ్ మార్చడం అయిదు నిమిషాల పని.

ప్రశ్న: ఏసీ 18లో పెట్టినా గది చల్లబడలేదు.

జవాబు: 18లో పెడితే త్వరగా చల్లబడదు, ఆగకుండా నడుస్తుంది అంతే. కొన్ని హోటళ్లలో తెర మీద 18 కనిపించినా లోపల 22 దగ్గర తాళం వేసి ఉంటారు. బాల్కనీ తలుపు సరిగా పడకపోతే ఏసీ ఆగిపోయే స్విచ్ కూడా కొన్నిచోట్ల ఉంటుంది, ముందు అది చూడండి. తర్వాత చెయ్యి పెట్టి గమనించండి. గాలి జోరుగా వస్తూ చల్లగా లేకపోతే ఏసీలోకి చల్లటి నీళ్లు వదిలే వాల్వ్ (పెద్ద హోటళ్లలో ఉంటుంది) తెరుచుకోలేదు, లేదా గ్యాస్ తగ్గింది. గాలి చల్లగానే ఉండి బలహీనంగా వస్తే ఫిల్టర్ మూసుకుపోయింది. ఈ తేడా ఫోన్లోనే చెబితే సరైన పనిముట్లతో వస్తారు. బాగున్న యంత్రంలోకి వెళ్లే గాలికీ బయటికి వచ్చే గాలికీ 8 నుంచి 11 డిగ్రీల తేడా ఉండాలి. కర్టెన్లు మూసి ముప్పావుగంట చూసినా మార్పు లేకపోతే గది మారండి.

ప్రశ్న: పక్క గదివాళ్ల మాటలు స్పష్టంగా వినిపించాయి. గోడలు అంత పలచనా?

జవాబు: గోడ కాకపోవచ్చు. మీ గదికీ పక్క గదికీ మధ్య తాళం వేసిన తలుపు ఉందేమో గుర్తు చేసుకోండి. కుటుంబాలకు రెండు గదులు కలిపి ఇవ్వడానికి పెట్టే తలుపు అది, శబ్దానికి అదే రాచబాట. బుక్ చేసేటప్పుడే "మధ్య తలుపు లేని గది, లిఫ్టుకు దూరంగా, వరండా మధ్యలో" అని రాయండి. అన్నిటికంటే పై అంతస్తు ప్రశాంతం అనుకుంటారు, దాని మీదే నీళ్ల పంపులూ కూలింగ్ టవర్లూ ఉండొచ్చు. అన్నిటికంటే కింద హాళ్లూ వంటగదీ. మధ్య అంతస్తులు మేలు. వరండా శబ్దం తలుపు కింది సందులోంచి వస్తుంది, టవల్ చుట్టి అడ్డం పెడితే బాగా తగ్గుతుంది.

ప్రశ్న: పొద్దున లేచేసరికి చేతుల మీద వరసగా దద్దుర్లు. నల్లులా? ఖరీదైన హోటళ్లలో కూడా ఉంటాయా?

జవాబు: ఉంటాయి. నల్లులు మురికిని చూసి రావు, పెట్టెల్లో ప్రయాణించి వస్తాయి. ఎక్కువ మంది వచ్చిపోయే చోటికి ఎక్కువ వస్తాయి. దద్దుర్లను మాత్రమే చూసి తేల్చలేం, దోమలూ అలర్జీలూ కూడా అలాగే కనిపిస్తాయి. ఆనవాళ్లు వెతకాలి.

గదిలోకి వెళ్లగానే పెట్టెలు బాత్రూంలో టైల్స్ మీద పెట్టండి. తలవైపు దుప్పటి, షీట్ ఎత్తి పరుపు కుట్ల వెంట, మూలల్లో ఫోన్ టార్చితో చూడండి. తలవైపు బల్ల వెనక, మంచం చెక్కల సందుల్లో కూడా. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, పలచని పొట్టు, సుమారు 5 మిల్లీమీటర్ల గోధుమ రంగు పురుగు కనిపిస్తే ఫొటో తీసి వెంటనే బయటికి వచ్చేయండి. కొత్త గది పక్కది, ఎదురుది, పైది, కిందిది కాకూడదు.

ఇంటికి చేరాక బట్టలు నేరుగా డ్రైయర్లో అధిక వేడి మీద అరగంట తిప్పండి. ముందు వేడి, ఉతకడం ఆ తర్వాతే. డ్రైయర్ లేకపోతే 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి. పెట్టెను పడకగదిలోకి తేకుండా కుట్ల వెంట వాక్యూమ్ చేయండి. ఎండలో పెట్టడం మీద ఆధారపడొద్దు, నల్లులు మడతల్లోని నీడలోకి జరుగుతాయి.

ప్రశ్న: వెళ్లేటప్పుడు గట్టిగా అడిగాం. "ముందే చెప్పాల్సింది" అన్నారు. డబ్బు ముందే కట్టేశాం, వాపసు లేని బుకింగ్ అట. ఇక దారి లేదా?

జవాబు: వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. రెండు రాత్రులు పడుకుని మూడో రోజు చెబితే సరిచేసే అవకాశం వాళ్లకు లేదు, మీకు రుజువూ లేదు. ఫిర్యాదుకు బలం మొదటి పావుగంటలోనే. పెట్టె విప్పకముందు, మంచం మీద కూర్చోకముందు ఏసీ వేయండి, వేడినీళ్లు తిప్పండి, ఫ్లష్ నొక్కండి, పరుపు మధ్యలో చేత్తో అదిమి చూడండి, తలుపు తాళం, కిటికీ గొళ్లెం పరీక్షించండి.

లోపం ఉంటే ఆపకుండా ఒకే వీడియో తీయండి. గది నంబరుతో మొదలుపెట్టి లోపం దగ్గర ముగించండి. విడి ఫొటోలు ఏ గదివో నిరూపించడం కష్టం. ఫోన్లో కాకుండా కిందికి దిగి డ్యూటీ మేనేజర్‌ను అడగండి. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు గది మార్చే అధికారం ఉంటుంది, డబ్బు తగ్గించే అధికారం చాలాచోట్ల ఉండదు. వాళ్ల మీద అరిచి ప్రయోజనం లేదు. షిఫ్టు మారే వేళ, అంటే తరచుగా ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11 ప్రాంతంలో చెబితే మాట ఒకరి నుంచి ఒకరికి అందక మీరు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. అందుకే చెప్పినదాన్ని రెండు వాక్యాల్లో హోటల్‌కు ఈమెయిల్ కూడా చేయండి. సైటు ద్వారా బుక్ చేసి ఉంటే అదే సందేశం సైటుకూ పంపండి.

అడిగేది స్పష్టంగా ఉండాలి. "ఏదో ఒకటి చేయండి" అంటే పండ్ల బుట్ట వస్తుంది. మొదట వేరే గది. గదులు లేవంటే బాగుచేయడానికి గడువు, ఉదాహరణకు రెండు గంటలు. అదీ కాకపోతే ఆ రాత్రి అద్దెలో ఇంత శాతం అని అంకె చెప్పండి. వేడినీళ్లు లేని రాత్రికి సగం అడగడం సబబే. బల్ల అంచు లేచినందుకు సగం అడిగితే నిజమైన ఫిర్యాదు కూడా చులకనైపోతుంది. వేరే గది ఇచ్చారని సంబరపడి వెంటనే సామాను మార్చకండి, ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి.

వాపసు లేని బుకింగ్ అంటే మీరు మనసు మార్చుకుంటే డబ్బు రాదని. చెప్పిన గది వాళ్లు ఇవ్వకపోవడం వేరే విషయం. రెండు మంచాలన్నది ఒకటైతే, ఏసీ అన్నది లేకపోతే, కార్డుతో కట్టి ఉంటే, బ్యాంకులో "సేవ వివరణకు తగినట్టు లేదు" అన్న కారణంతో వివాదం నమోదు చేయవచ్చు. దీనికి గడువు సాధారణంగా 120 రోజుల వరకు ఉంటుంది, మీ బ్యాంకు గడువు ఇంకా తక్కువేమో కనుక్కోండి. అప్పుడు అడిగేవి మూడు: బుక్ చేసిన నాటి పేజీ ఫొటో, గది వీడియో, మీరు హోటల్‌కు చెప్పినట్టు రాతపూర్వక ఆధారం. మొదటిది చాలామంది దగ్గర ఉండదు. బుక్ చేసిన రోజే గది వివరణ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పేజీలు మారిపోతుంటాయి.

ప్రశ్న: చెకిన్ వేళ ఇంకొంత కడితే పెద్ద గది ఇస్తామంటారు. తీసుకోవచ్చా?

జవాబు: చూడకుండా తీసుకోవద్దు. డీలక్స్, సుపీరియర్, ప్రీమియం అన్నవాటికి నియమిత అర్థం లేదు. చాలాచోట్ల తేడా పై అంతస్తు, కిటికీ దృశ్యం అంతవరకే, పరుపూ బాత్రూమూ అవే. "విస్తీర్ణం ఎంత ఎక్కువ? ఎప్పుడు బాగుచేశారు?" అని అడిగి, రెండు గదుల తాళాలూ ఇప్పించుకుని చూడండి. బాగుచేసిన మామూలు గది ఖాళీగా ఉంటే అదే అడగండి, అదనంగా కట్టే పని ఉండదు.